చప్పుడు లేని కెమెరా

కలకత్తా భవానీపూర్‌లోని కెమెరాల షాపులో, కౌంటరు వెనకున్న బెంగాలీ ఆయన "దీదీ, ఏ రకం ఫొటోలు తీస్తారు? పెళ్ళిళ్ళా, పక్షులా, ఫ్యాషనా?" అని అడిగాడు.

"చావులు" అన్నాను.

ఆయన గుడ్లప్పగించి చూశాడు. నాకు ఒళ్ళు మండింది. చావులకు మాత్రం ఫొటోలు అక్కర్లేదా?

హౌరా, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి. ఎవరైనా పోతే, శవపెట్టె మూత వేసే ముందు ఇంటిల్లిపాదీ దాని చుట్టూ నిలబడి ఫొటో దిగడం మా ఆనవాయితీ. ఆ ఫొటోలు తీసేది నేనే. నా పాత కెమెరా నొక్కితే టక్కుమనేది. ఒకసారి ప్రార్థన మధ్యలో నొక్కానని పోయినాయన తమ్ముడు నా చెంప పగలగొట్టాడు. నేను ఊరుకుంటానా, చెప్పు తీశాను. శవం ముందు మేమిద్దరం కొట్టుకున్న సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే కొత్త కెమెరాకు వచ్చాను.

నాకేం కావాలో నాకు బాగా తెలుసు. చప్పుడు ఉండకూడదు. ఫ్లాష్ లేకుండా ఇరుకు గదిలోని మసక వెలుగుతోనే సరిపెట్టుకోవాలి. ప్రతి ఫొటో ఒకేసారి రెండు మెమరీ కార్డుల్లోకి ఎక్కాలి. పెళ్ళిలో ఫొటో పోతే దండలు మళ్ళీ మార్చుకోమనొచ్చు, మట్టిలో పెట్టిన మనిషిని పైకి రమ్మనలేం కదా. షాపాయన కెమెరా వేగం గురించి, ఎగిరే పిట్టల గురించి చెప్పబోయాడు. "దాదా, నావాళ్ళు కదలరు" అన్నాను.

నేననుకున్న కెమెరానే కొన్నాను. నెల తిరక్కుండానే సంత్రాగాఛిలో ఒక చావుకు పిలిచారు. పోయింది పెళ్ళై ఏడాది కూడా కాని పిల్ల. స్నానాలగదిలో జారిపడిందని అత్తవారు చెప్పారు, తెలిసిన డాక్టరుతో కాగితం రాయించారు. తల్లి ఖరగ్‌పూర్ నుంచి వచ్చేసరికే పిల్లను కడిగి పెట్టెలో పెట్టేశారు. మెడ చుట్టూ తెల్ల స్కార్ఫు, దాని మీద పూలు. పిల్ల మొగుడికి అన్న ఒకడు ఆ తల్లి చేతిలోంచి ఫోను లాక్కున్నాడు, ఇంకెవరూ ఫోన్లు తియ్యొద్దని గుమ్మంలోనే గద్దించాడు. పెట్టె ఫొటో లేకపోతే చుట్టాలు అనుమానపడతారు గనక నన్ను మాత్రం రానిచ్చాడు.

తల్లి కూతుర్ని ముద్దు పెట్టుకోవడానికి వంగి, స్కార్ఫు కిందికి లాగింది. "మెడ సూడు పాపా. తియ్యి" అని గొణిగింది. వేళ్ళ గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి. మొహం తీస్తున్నట్టు నటిస్తూ మళ్ళీ మళ్ళీ నొక్కాను. కెమెరా కిక్కురుమనలేదు.

పాపం, ఆవిడ ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించి ఉంది. అది వినపడకపోయేసరికి నేను భయపడి తియ్యలేదనుకుంది. "నొక్కవేటి?" అంది. ఊరుకోమని కళ్ళతో సైగ చేశాను. ఆవిడ గదంతా వినపడేలా అరిచింది. "సౌండు రానేదేటి! నా కూతురు పీక పిసికేసినారు! మెడ తియ్యమంటే తియ్యవేటే!"

ఓరి దేవుడా, కొంప మునిగింది.

మొగుడి అన్న నా మెడలోని కెమెరా బెల్టు పట్టి గుంజాడు. ఊపిరాడక మోచేత్తో వాడి డొక్కలో పొడిచాను. వాడు నా జుట్టు పట్టుకుని మొహాన్ని గుమ్మానికేసి కొట్టాడు. నోరంతా నెత్తురు. అడ్డమొచ్చిన తల్లిని కాలితో తన్నితే ఆవిడ వెళ్ళి పెట్టె మీద పడింది. కట్టుకున్నవాడు మూల కూర్చుని తలెత్తలేదు. అన్న కెమెరాను గచ్చుకేసి బాది, "సిప్పు తియ్యవే ముండా!" అన్నాడు. ఒక కార్డు తీసిచ్చాను. దాన్ని చెప్పు కింద నలిపేశాడు. లోపల రెండోది ఉందని ఆ వెధవకు తెలీదు. పగిలిన కెమెరాను గుండెకు హత్తుకుని ఏడుస్తూ బయటపడ్డాను. ఆ ఏడుపు నటన కాదు.

నేరుగా పోలీస్ స్టేషన్‌కి పోయాను. వాళ్ళ కంప్యూటర్లో కార్డు పెట్టగానే ఆ మెడ తెర నిండా కనిపించింది. సమాధుల తోట గేటు దగ్గర పెట్టెను ఆపి పోస్ట్‌మార్టానికి పంపారు. అన్నదమ్ములిద్దరినీ అరెస్టు చేశారు. ఆ అన్నగాడి పళ్ళు నా చేత్తో రాలగొట్టలేదన్న కసి నాకింకా తీరలేదు.

కొన్నాళ్ళకు ఆ తల్లి మా ఇంటికొచ్చింది. ఆ వేళ నా మీద అరిచినందుకు క్షమించమంటుందేమో అనుకున్నాను. చీర చెంగు నలుపుతూ నిలబడింది.

"పెల్లి పొటోలు ఆల్లింట్లోనే ఉండిపోయినాయి పాపా. నా పోను ఆడు పగలగొట్టేసినాడు. పిల్ల మొకం నాకాడ ఒక్కటీ నేదు. నువ్వు తీసిన దాంట్లో మెడ తీసేసి, మొకం మట్టుకు ఇస్తావేటి?"

కార్డు పోలీసులకు ఇచ్చేముందు స్టేషన్‌లోనే తీసుకున్న కాపీ తెరిచి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఎంత పైకి కత్తిరించినా దవడ మీద బొటనవేలి గుర్తు కనిపిస్తూనే ఉంది. చివరికి గడ్డం కూడా పోయి, పెదవుల దాకా ఉన్న మొహం మిగిలింది. ఆవిడ దాన్నే ముద్దు పెట్టుకుంది.