తప్పంతా పైనున్నదానిదే

టీవీలో బొమ్మ పోతే మా చౌడప్ప కిందికి చూడడు, పైకి చూస్తాడు. బుక్కరాయసముద్రంలో మా వీధికంతా కేబుల్ ఇచ్చేది అతనే. వైరు తెగినా, ప్లగ్గు ఊడినా, ఎలుక కొరికినా అతని లెక్కలో ముద్దాయి ఒక్కటే: అంతరిక్షంలో తిరిగే ఉపగ్రహానికున్న గొడుగులాంటి యాంటెన్నా.

"చౌడప్పా, సీరియలు రాలేదప్పా!"

"యాడొస్తాదిక్కా? ఆడ గాలి ల్యా, నీడ ల్యా. ఎండ తగిలిన పక్క పెనం మాదిరి కాలతాది, ఇంకో పక్క గడ్డకడతాది. ఆ గొడుగు వంకరపోక ఏం జేస్తాది పాపం?"

బెంగళూరులో ఎవరో ఇంజనీరు చెప్పగా విన్నాడట. అప్పటినుంచి దానిమీద కన్నబిడ్డ మీదున్నంత జాలి. ఇసుక రవ్వంత రాయి కూడా అక్కడ తూటాలా తగులుతుందని నిట్టూర్చేవాడు. ఒకసారి మోపెడ్ స్టార్టు కాకపోయినా ఆకాశం వంకే చూశాడు. "దీనికీ దానికీ ఏం సంబంధమప్పా?" అంటే, "ఎండ ఒకటే గదన్నా!" అన్నాడు. అలాంటివాడితో వాదించడం నా వల్ల కాదు.

2003లో క్రికెట్ ఫైనల్ రోజు, మ్యాచి మధ్యలో వీధి మొత్తం బొమ్మ పోయింది. కిరాణా అంగడి గోపాలయ్య శెట్టి చొక్కా కూడా వేసుకోకుండా బయటికొచ్చాడు. "ఎవురైనా వైరు ముట్టుకొనుంటే ఇల్లు ఖాళీ చేయిస్తా!" అని అరిచాడు. వీధిలో సగం ఇళ్లు ఆయనవే.

చౌడప్పా నేనూ వైరు వెంబడి నడిచాం. అది బయమ్మ పెరట్లో ఆగిపోయింది. మిగతా ముక్క ఆమె మేక మెడలో ఉంది. బయమ్మ, తనకల్లు అనే ఊరి దగ్గర సేద్యం ఎండిపోయి, ఇద్దరు పిల్లలతో ఈమధ్యే వచ్చి శెట్టి ఇంట్లో అద్దెకు దిగిన మనిషి. ఇంట్లో టీవీ లేదు.

"గోడమీద ఊరికే యాలాడతాంటే పనికిరాందేమో అనుకొని కోసుకుంటినన్నా," అంది. "శెట్టి ఎల్లగొడితే పిల్లోళ్లని ఎత్తుకొని యాడికి పోవాల?"

చౌడప్ప అతుకు వేయడం మొదలుపెట్టాడు. అంతలోనే గోపాలయ్య, ఆయన వెనక సగం వీధీ వచ్చిపడ్డారు.

"ఏమైందప్పా?"

చౌడప్ప తల పైకెత్తాడు. "ఏం జెప్పేది శెట్టీ! పైన ఎండ జాస్తి. గొడుగు వంకరపోయినాది. సల్లబడితే అదే సర్దుకుంటాది."

ఎవరి గాలిపటం చిక్కుకున్నా, ఎవరి కర్ర తగిలినా, ఇన్నాళ్లూ నింద పైకే ఎందుకు పోయేదో నాకు అప్పుడర్థమైంది. ఈ ఒక్క అబద్ధం నిలబడితే చాలని మొక్కుకున్నాను.

శెట్టి చూపు మేక మెడ దగ్గర ఆగింది. తర్వాత బయమ్మ మీదికి, ఆమె కొంగు పట్టుకున్న పిల్లల మీదికి పోయింది.

"చౌడప్పా, ఆ పైన మేకలు గూడా ఉంటాయా?"

చౌడప్ప మళ్లీ ఆకాశం వంక చూశాడు. "ఒగటో రెండో ఉంటాయి శెట్టీ."

"ఉంటే తాడుతో కట్టేయమను. నా అంగట్లో శానా ఉండాది, పంపిస్తా."