పాదిరీగారి తోలు పుస్తకం

మా మామగారు పోయిన మంగళవారం బరంపురంలో కాలం చేశారు. గంజాం జిల్లాలో తాటాకు పుస్తకాలున్న ఇళ్లవాళ్లకు ఆయన తెలిసే ఉంటారు. చిరిగిన ఆకు అతికించి, దారం మార్చి, అక్షరాలు నల్లగా కనబడేలా మసినూనె పట్టించి ఇచ్చేవారు. ఏ పుస్తకం వచ్చినా ముందు వాసన చూసేవారు. అన్నానికి పిలిస్తే మాత్రం చెవులు వినబడేవి కావు. వడ్డించి కూర్చుని నేను విసుక్కోని రోజు లేదు.

ఒకసారి గోపాలపూరు పాదిరీగారు ఒక లాటిన్ పుస్తకం బాగుచెయ్యమని తెచ్చారు. ఎన్నో వందల ఏళ్లదట. వాళ్ల తాతగారు వేలంలో కొన్నారట, అంతకుముందు ఎవరిదో తెలియదు. ఆకులన్నీ దూడతోలు. ఆ మాట విని నేను గడపలోనే ఆగిపోయాను. మామగారు ఒక్కో ఆకూ వెలుతురుకి పట్టి చూశారు. ఒక వైపు తెల్లగా, వెంట్రుకలుండిన వైపు పసుపుపచ్చగా ఉంది. గీతలు తిన్నగా రావడానికి అంచున సూదిపోట్లు, అక్కడక్కడా ఎర్ర అక్షరాలు, అట్టలకు బదులు చెక్కలు.

"ఆకైనా తోలైనా రాసినోడి నడుంనొప్పి ఒకటే అమ్మీ. ఇలా రా, సూడు," అన్నారు. వెళ్లి చూశాను.

మొదటి ఆకు అడుగున ఎవరో గీకి చెరిపేసిన వరుస ఒకటి లీలగా ఉంది. అది ఏ క్రైస్తవ మఠం పుస్తకమో అందులోనే ఉందని, ఎలాగైనా చదవాలని పాదిరీగారి ఆశ. మామగారు తాటాకుకి చేసినట్టే దానికీ మసినూనె రాశారు. గంటంతో గీసిన గాడిలో అయితే మసి నిలుస్తుంది. ఇది కలంతో రాసిన సిరా. నూనె తోలులోకి ఇంకి, వెనకపుట అక్షరాలు ఇటు తేలి, ఉన్న కాస్త ఆనవాలూ పోయింది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

సముద్రపు చెమ్మకి పాడైందని చెబితే సరిపోతుందని నేనే సలహా ఇచ్చాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన మర్నాడు జట్కా కట్టించి, నన్నూ తోడు తీసుకుని గోపాలపూరు వెళ్లారు.

"మఠం పేరు నా సేతిలోనే పోనాది బాబూ. నూనె రాసింది నేనే," అన్నారు.

పాదిరీగారు ఆ ఆకుని వెలుతురుకి పట్టి చూశారు. తరవాత కలం ఇచ్చి, ఆ మాటే మరక కింద తెలుగులో రాయమన్నారు. పుస్తకం ఎవరెవరి చేతులు దాటిందో తరవాతివాళ్లకు తెలియాలన్నారు. మామగారు గంటం పట్టినట్టు కలాన్ని పిడికిట్లో పట్టుకుని, ఊపిరి బిగబట్టి రాశారు.

కొన్నాళ్లకి పాదిరీగారితోపాటు ఆ పుస్తకమూ ఓడెక్కి వెళ్లిపోయింది. ఇన్ని ఇళ్ల పుస్తకాలు బాగుచేసిన మనిషి ఇంకెక్కడా తన అక్షరం పెట్టలేదు. ఈ వారం మావారు పెట్టెలన్నీ వెతికారు, తండ్రి చేతిరాత ఒక్క ముక్క దొరకలేదు. అది ఉన్నది ఒక్కచోటే. ఏ దేశంలోనో, ఎవరి బీరువాలోనో, దూడతోలు మీద, నూనె మరక కింద, చివరికొచ్చేసరికి కాస్త కిందికి జారిన ఒక తెలుగు వరుస.