ఆయన ప్రార్థనకు నా ఆమెన్

మా ఆయన గుడిలో ప్రార్థన ఎత్తుకుంటే ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేవాళ్లు. అంత బాగా చేసేవాడు. ఇంట్లో చేస్తే నేను ఒక్కదాన్నే ఏడ్చేదాన్ని, అదీ లోపల్లోపలే. నేను చెబుతున్నాను, కోడలు రాస్తోంది. నాకు చదవడమూ రాదు, రాయడమూ రాదు. కోడలు అప్పుడే పెన్ను ఆపి నా మొహం చూస్తోంది. రాయమ్మా, దిద్దకుండా రాయి.

ఆయన ఎనభై దాటి బతికాడు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాక మద్రాసు పురసవాక్కంలోని మా తెలుగు గుడే ఆయనకు లోకం. ఎవరింట్లో ఎవరు పోయినా పెట్టె మోసే భుజాల్లో ఒకటి ఆయనది. ఎవరైనా పెద్దాసుపత్రిలో పడితే బత్తాయిలు పట్టుకుని పోయేవాడు. గుడి వదిలాక ముసలివాళ్లను ఆటో ఎక్కించందే కదిలేవాడు కాదు. కొత్తగా పెళ్లయిన జంటలకు సంసారం ఎలా చెయ్యాలో నాలుగు మాటలు చెప్పమని అయ్యగారు ఆయన దగ్గరికే పంపేవాడు. పాస్టరును మేం అయ్యగారంటాం. కుటుంబస్థుడంటే ఇట్లా ఉండాలని మా ఆయన్నే చూపించేవాళ్లు. ఇవన్నీ నిజమే. నేను కాదనను.

చింతాద్రిపేటలో నాలుగు కుటుంబాలుండే ఇంట్లో మాది ఒక పోర్షన్. రాత్రి అన్నానికి ముందు కుటుంబ ప్రార్థన. చాప పరిచి అందరం కూర్చోవాలి. బైబిలు చేతులు మారుతూ వస్తుంది, తలా ఒక వచనం చదవాలి. నా ఒళ్లోకి వచ్చినప్పుడు ఆయన ఆగేవాడు. నాకు చదవడం రాదని తెలుసు, అయినా ఆగేవాడు. గోడ గడియారం చప్పుడు అందరికీ వినబడేదాకా ఆగి, అప్పుడు పుస్తకం తీసి కొడుక్కి ఇచ్చేవాడు. ఆ తర్వాత మోకాళ్ల మీద ప్రార్థన. అందులో నేనుండేదాన్ని.

"ప్రభువా, ఈ దినమున నీ దాసురాలు పప్పు మాడ్చినది, క్షమించుము. పాలవాడితో నిలువబడి నవ్వినది, క్షమించుము. నీ వాక్యమునకు గుడ్డివైన ఈమె కన్నులను తెరువుము."

కళ్లు మూసుకుని, గుడిలో వాడే అదే తియ్యటి గొంతుతో. తిడితే తిరిగి తిట్టొచ్చు. దేవుడికి చెబుతుంటే ఏమంటాం? ఒక్కో మాట చెప్పి ఆగేవాడు. ఆగినచోట ఇంటిల్లిపాదీ ఆమెన్ అనాలి. మా అత్త గట్టిగా అనేది. కొడుకు మాటలు సరిగా రాని వయసు నుంచే అనేవాడు. నేనూ అనాలి. నేను అనేదాకా ఆయన రెండో మాటకు పోడు. అన్నం చల్లారిపోతుంది, పిల్లాడు ఆకలికి గునుస్తాడు. అనేసేదాన్ని.

గోడ అవతల శెట్టిగారి భార్య ఉండేది. పొద్దున్నే కొళాయి దగ్గర మొదలుపెట్టేది.

"ఏమక్కా, నిన్న పప్పు మాడిందంట గదా? మీ సామికాడికి పోయేసింది కంప్లైంటు! మా ఆయనే నయం పో, నన్ను తిట్టేసి పడుకుంటాడు, పైదాకా పోడు."

బిందెలు పట్టుకున్న వాళ్లంతా నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఏం చెయ్యను?

నా రెండో కాన్పు ఆడపిల్ల. నడక రాకముందే జ్వరం తగిలింది. డాక్టరు దగ్గరికి పోదామని కాళ్లు పట్టుకున్నది నేను. ప్రార్థన చాలన్నది ఆయన. పిల్ల పోయింది. పూడ్చి వచ్చిన సాయంత్రం కూడా చాప పరిచాడు. "తల్లి అజాగ్రత్త వలన నీవు తిరిగి తీసికొనిన బిడ్డ కొరకు స్తోత్రము. ఆ తల్లిని క్షమించుము," అని ఆగాడు. నా రొమ్ముల్లో పాలు ఇంకా సలుపుతున్నాయి. ఆమెన్ అన్నాను.

కొన్నాళ్లకు ఎంగిలి కంచాలు తీస్తూ అడిగాను.

"దినామూ నా తప్పులు చెప్తావుండావు గదా. ఒక్కనాడన్నా నా కోసం స్తోత్రం చెప్పగూడదా?"

"ఏముందే నీలో చెప్పేదానికి? ఉంటే చెప్పనా?" అని చెయ్యి కడుక్కున్నాడు.

ఆ ఒక్క మాట కోసం ఆనాటి నుంచి చెవి అప్పగించి కూర్చున్నాను. ఇవాళన్నా అంటాడేమో, రేపన్నా అంటాడేమో. అత్త పోయింది, నా జుట్టు నెరిసింది, కోడలు వచ్చింది, ఆయన అనలేదు. శుక్రవారాల్లో విశ్వాసుల ఇళ్లల్లో ప్రార్థన కూటాలు జరిగేవి. వాటికి ఒక్కడే పోయేవాడు. "నువ్వొస్తే వచనం చదవమంటారు. నా పరువు ఏం గానూ? ఇంట్లో పడుండు," అనేవాడు. పడున్నాను.

కూవం ఏటి పక్కన స్తంభాల మీద కొత్త రైలు తిరగడం మొదలైన ఏడాది ఆయన పక్షవాతంతో పడిపోయాడు. కుడి చెయ్యీ కాలూ పోయాయి, నాలుక మడతపడింది. ప్రార్థన నా చేతికి వచ్చింది. కొడుకు డ్యూటీ నుంచి రావడానికి ఆలస్యమయ్యేది, కోడలు వంటింట్లో ఉండేది. మంచం దగ్గర నేనూ ఆయనే. మొదట్లో ఏమనాలో తోచలేదు. తర్వాత నోరు దానంతటదే తిరిగింది.

"ప్రభువా, ఈ దినమున నీ దాసుడు పక్క తడిపెను, క్షమించుము. జావ మింగక నా చీర మీద ఉమ్మెను, క్షమించుము."

ఆగాను. కళ్లు తెరిచి చూస్తే ఆయన నన్నే చూస్తున్నాడు.

"అను. ఆమెన్ అను. అంటేనే జావ."

"ఆ... ఆ..." అన్నాడు. అనేదాకా గిన్నె నా చేతిలోనే ఉంచుకున్నాను. కోడలు ఇది రాయనంటోంది. రాయి. నాకు బాగుండింది. నొప్పులున్న ఒంటికి వేణ్ణీళ్లు పోసుకున్నట్టుండింది.

కొన్ని నెలలకు మాట కొంచెం కొంచెం తిరిగింది. ఒక ఆదివారం సాయంత్రం, ఈ పూట ప్రార్థన తనే చేస్తానని ఎడమ చేత్తో సైగ చేశాడు. నేను తల దువ్వుకున్నాను. ఉతికిన చీర కట్టుకున్నాను. ఎత్తింది నేను, కడిగింది నేను, ఇప్పుడన్నా అంటాడనుకున్నాను. మోకాళ్ల మీద కూర్చుని ఆయన నోటివైపే చూశాను.

"ప్ర... భువా," అన్నాడు. నేను మంచానికి ఇంకా దగ్గరగా జరిగాను. "నీళ్లు... చల్లగా... పోసింది."

ఆగాడు, ఆమెన్ కోసం. క్షమించుము అన్న మాటకు ఆయన నాలుక తిరగలేదు. నేను ఆమెన్ అనలేదు. లేచి దీపం వేశాను. ఆ వానాకాలం ఆయన దాటలేదు.

జ్ఞాపకార్థ కూటం గుడిలోనే పెట్టారు. మద్రాసును చెన్నై అనడం నోటికి ఇంకా అలవాటు కాని రోజులు. గుడి నిండిపోయి మెట్ల మీద కూడా కూర్చున్నారు. బయట పందిట్లోంచి బిరియానీ వాసన వస్తోంది. ఒక్కొక్కరే లేచి ఆయన ఎంత మంచివాడో సాక్ష్యం చెప్పారు. చివర అయ్యగారు లేచాడు. అయ్యగారిది గుంటూరు వైపు మాట.

"శుక్రవారం కూటాల్లో వారు ప్రార్థన మొదలుపెట్టేదే భార్య కోసం స్తోత్రం చెప్పి కదండీ! 'చదువు లేకపోయినను నా ఇంటిని నిలబెట్టిన నీ దాసురాలి కొరకు స్తోత్రము' అనేవారు. ఒక్క వారం తప్పితే ఒట్టు. మనమంతా ఆమెన్ అనేవాళ్లం."

అవునవునని గుడంతా తలలూపింది. నేను కోడలి మణికట్టు పట్టుకున్నాను. గాజు పగిలిందని తర్వాత చెప్పింది. మాట ఉంది ఆయన దగ్గర. ఇన్నేళ్లూ ఉంది. ఊళ్లో ఇంటింటికీ పంచిపెట్టి నా దగ్గరికి వట్టి నోటితో వచ్చేవాడు.

"అమ్మా, ముగింపు ప్రార్థన మీరు చేస్తే బాగుంటుంది," అన్నాడు అయ్యగారు.

కొడుకు నా చెవి దగ్గరికి వంగాడు. "అమ్మా, రెండు మాటలు చెప్పి కూచో. చాలు."

లేచాను. అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు.

"ప్రభువా, నీ దాసుడు ఆడొక మాట, ఈడొక మాట చెప్పినాడు, క్షమించుము," అని ఆగాను.

"ఆమెన్!" అంది గుడంతా. ఆగినచోట ఆమెన్ అనడం మావాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటు. చెప్పిందేమిటో చెవిలోకి దిగేలోపు నోరు అనేస్తుంది.

"చదువురానిదాని ఒళ్లో దినామూ పుస్తకం పెట్టి వేడుక చూసినాడు, క్షమించుము."

"ఆమెన్!"

"బిడ్డకి జొరమొస్తే డాక్టరు వద్దన్నాడు. బిడ్డ పోతే నేనే పోగొట్టుకుంటినని నీకు చెప్పినాడు. నా చేతనే ఆమెన్ అనిపించినాడు."

ఆగాను. క్షమించుము అన్న మాటకు నా నాలుక కూడా తిరగలేదు.

"ఆమెన్," అన్న మొదటి గొంతు నా కొడుకుది. వాడి వెనకే గుడంతా. అన్నాక వాడు కళ్లు తెరిచి నావైపు చూశాడు. అయ్యగారు దగ్గి, గబగబా ఆశీర్వాదం చెప్పి ముగించేశాడు.

పందిట్లో విస్తరి ముందు కూర్చున్నాను. మా ఆయనతో కలిసి పాటలు పాడిన ముసలామె ఒకతె ఉంది, చెవులు సరిగా వినబడవు. ఆమె వచ్చి రెండు చేతులతో నా బుగ్గలు పట్టుకుంది.

"ఏం ప్రార్థన చేసినావు అమ్మీ! ఇన్నాళ్లూ ఏడ దాచిపెట్టినావు? ఆ గొంతు, ఆ ఆపడం... అచ్చం నీ మొగుడు మాదిరే!"

అని ఆగింది. నేనేదో అంటానని నా నోటివైపే చూస్తూ ఆగింది. నేను అనలేదు. విస్తట్లో బిరియానీ చల్లారిపోయింది.