నాయన బస్సూ, నా ఉపన్యాసమూ

ఆ రోజుల్లో లోకంలోని కష్టాలన్నీ ఒక మంచి ఉపన్యాసంతో తీరిపోతాయని నాకు గట్టి నమ్మకం. బళ్లారి కాలేజీలో కొత్తగా చేరాను. మనిషిని పీలగా ఉన్నా గొంతు మాత్రం నలుగురిది. మా నాయనకు ఒకే ఒక్క బస్సుండేది. మా ఊరు రూపనగుడిలో బయలుదేరి, కంటోన్మెంట్ మీదుగా బళ్లారి బజారు చేరేది. జనం దాన్ని 'పెండ్లికూతురు' అనేవాళ్లు (అందం చూసి కాదు, ఎంత పిలిచినా ఒక పట్టాన బయటికి రాదని).

కాలేజీలో వక్తృత్వ పోటీ పెట్టారు. బస్సులు సర్కారు నడపాలా, సొంతదార్లు నడపాలా అని. చీటీ తీస్తే నాకు సర్కారు పక్షం వచ్చింది. నాయనతో చెప్తే, "వచ్చినదాన్నే బాగా చెప్పమ్మీ, భయమెందుకు" అన్నాడు. ఇంకేం, రెచ్చిపోయాను. సొంతదారు బస్సు ఆయన అత్తగారు కొప్పు ముడుచుకునే దాకా కదలదన్నాను. కోడిపెట్టకు సీటిచ్చి అయ్యవారిని నిలబెడుతుందన్నాను. "సర్కారు బస్సు అట్ల కాదు, అది మనందరిదీ!" అని బల్ల గుద్దాను. అవన్నీ మా ఇంటి సంగతులేనని (పేరు చెప్పకపోయినా) హాలంతటికీ తెలుసు. చూస్తే వెనక వరసలో నాయన! అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నాడు.

గెలిచి, మా బస్సులోనే నాయన పక్కన కూర్చుని ఇంటికి బయలుదేరాను.

"నాయనా, కోపమొచ్చిందా?"

"కోపమెందుకమ్మీ? అబద్ధమేం చెప్పినావు? కొప్పు సంగతి మాత్రం మీ అవ్వ చెవిన పడనీయొద్దు." నవ్వాడు గానీ, ఆ తర్వాత దారంతా కిటికీలోంచి బయటికే చూశాడు.

ఆ పైఏడు మా దారిలోకి నిజంగానే సర్కారు బస్సులొచ్చాయి. నాయన తన బస్సు అమ్మేశాడు. కొన్నవాళ్లు తోలుకుపోతుంటే సందు మలుపు దాకా దాని వెంటే నడిచి, తలగుడ్డతో మొహం తుడుచుకుంటూ తిరిగొచ్చాడు.

కొన్నాళ్లకు మేమిద్దరం సర్కారు బస్సెక్కాం. చెప్పిన టయానికే కదిలింది. "ఎంత నున్నగా పోతాండాదో చూడు" అని నాయన మెచ్చుకుంటూనే ఉన్నాడు. ఇంతలో చేనుగట్టు మీద నుంచి ఒక ముసలామె, నెత్తిన గంపతో, చెయ్యూపుతూ పరిగెత్తుకొస్తోంది.

"నిల్సప్పా, అవ్వ వస్తాండాది!" అన్నాడు నాయన.

"ఇల్లి స్టాప్ ఇల్ల యజమానరే, స్టాపు లేని చోట ఆపడానికి రూలు ఒప్పుకోదు" అన్నాడు కండక్టరు, కన్నడం కలిపి.

నాయన లేచి నిలబడ్డాడు. "ఈ బస్సు ఎవరిదప్పా?"

"సర్కారుది."

"సర్కారుదంటే మనందరిదని నా బిడ్డ అంతమంది ముందర చెప్పింది. అంటే ఆ అవ్వది కూడా. సొంతదారు పరిగెత్తుకుంటా వస్తాంటే ఆపవా?"

బస్సంతా గొల్లుమంది. కండక్టరు బుర్ర గోక్కుని, తనూ నవ్వి, విజిలేశాడు. అవ్వ ఆయాసపడుతూ ఎక్కి, నాయన్ను చూసి ముఖం చేటంత చేసుకుంది.

"ఏందప్పా, కొత్త బస్సు కొన్నావా?"

నాయన ఆమె గంప అందుకున్నాడు. పక్కకు జరిగి ఆమెకు చోటిస్తూ, "ఊఁ అవ్వా, అందరం కలిసి కొన్నాం" అన్నాడు.

బల్ల గుద్దిన ఆ పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పాపం, మాటలన్నీ తనవే అనుకుంది. వాటిని తనకంటే ఎక్కువగా నమ్మిన మనిషి పక్క సీట్లోనే కూర్చున్నాడని తెలియడానికి దానికి చాలా ఏళ్లు పట్టింది.