పటిక కలిపిన సముద్రం

మా తమ్ముడు పోయాక ఇంట్లో వాడిదంటూ ప్రాణంతో మిగిలింది ఒక చేప. బొటనవేలంత ఉండేది. పసుపు ఒంటి మీద నల్ల చారలు. దానికి తోడు సముద్రంలోంచి తీసిన ఒక రాయి, ఆ రాయిని కరుచుకుని పువ్వులా విచ్చుకునే మెత్తని జీవం ఒకటి. రాజమండ్రిలో మా ముందుగదిలో, తమ్ముడు స్వయంగా అద్దాలు అతికించి చేసిన తొట్టిలో, సముద్రపు నీళ్ళలో అవి బతికేవి.

వాడు కాకినాడలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేసేవాడు. శనివారం సాయంత్రం బస్సు దిగాడంటే రెండు చేతుల్లో రెండు ప్లాస్టిక్ డబ్బాలుండేవి. ఒడ్డు నీళ్ళు మట్టిగా ఉంటాయని, వేటకెళ్ళే పడవల వాళ్ళని బతిమాలి లోపలి నీళ్ళు పట్టించుకొచ్చేవాడు. ఒకసారి కండక్టరు అవి కల్లు డబ్బాలనుకుని మూత తీసి వాసన చూశాడట. "ఉప్పు నీళ్ళండి" అని వీడంటే, "ఏంటండి, రాజమండ్రిలో ఉప్పు దొరకట్లేదా?" అన్నాడట. ఆ మాట వాడు పది మందికి చెప్పుకుని నవ్వేవాడు.

మాది బజారులో కొట్టు పెట్టుకుని బతికిన కుటుంబం. చేప వాసన తగిలితే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే ఇల్లు. మొదట్లో అమ్మ ఆ తొట్టి వైపు తిరిగి చూసేది కాదు. తమ్ముడికి కామెర్లు ముదిరి మంచం పట్టాక, ఆ మంచం మీంచే ఆమెకు ఒక్కొక్కటీ నేర్పాడు. ఎండకి నీళ్ళు తరిగితే ఉప్పు ఎక్కువవుతుంది, వేలు ముంచి నాలిక మీద వేసుకుని చూడు, మరీ ఉప్పగా ఉంటే గ్లాసుడు బావి నీళ్ళు పొయ్యి. కరెంటు పోయి గాలి మోటారు ఆగితే చెంబుతో ముంచి పైనుంచి పోస్తుండు. నీళ్ళు తెల్లగా మసకబడితే కంగారు పడకు, మేత మానెయ్యి, ఇంకేమీ కలపకు, అదే తేరుకుంటుంది. నేను పక్కనే కుర్చీలో పేపరు చూసుకుంటూ ఉన్నాను. ఇవన్నీ నా చెవిన పడ్డాయి. విన్నానని మాత్రం చెప్పలేను.

తమ్ముడు పోయిన మూడో రోజు, పలకరింపుల వాళ్ళ మధ్యలోంచి అమ్మ లేచి వీధి గుమ్మంలోకి వెళ్ళి, రొయ్యల గంపతో పోతున్న మనిషిని పిలిచింది. ఆవిడ కాకినాడ వైపు నుంచి పొద్దుటి రైల్లో వచ్చేది. మా గుమ్మం ముందు ఏనాడూ గంప దించి ఎరగదు.

"అమ్మగారండి, మీరేనా పిలిచింది? మీ ఇంటికి రొయ్యలేంటండి?"

"నాలుగు చాలు. చిన్నవి."

"నాలుగు రొయ్యలతో కూరేం అవుద్దండి?"

"కూరకి కాదు. మా అబ్బాయి చేపకి."

అప్పటి నుంచి రోజూ ఆవిడ ఆగేది. "మీ చిన్నబ్బాయిగారి చేప పెద్దదైపోయిందాండి? పులుసుకి నాకు కబురంపండి" అని వేళాకోళమాడేది. "నిన్ను పెడతాను పులుసు" అని అమ్మ కసిరేది. పిట్టగోడ మీద విడిగా ఉంచిన సత్తు గిన్నెలో రొయ్యని గోటితో చిదిమి, తొట్టిలో వేసి, మళ్ళీ తలారా స్నానం చేసి వంటింట్లోకి వెళ్ళేది. ఆ గదిలో ఆమె ఎవరితోనో నెమ్మదిగా మాట్లాడడం వినిపించేది. నేను వెళితే ఆపేసేది.

ఆ వానాకాలం గోదావరికి పెద్ద వరద వచ్చింది. నేను విలేకరిని. పగలంతా ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర, తర్వాత ఆఫీసులో ఫోను దగ్గర. వానకి కరెంటు పోయింది. అమ్మ తొట్టి పక్కనే పీట వేసుకుని చెంబుతో నీళ్ళు ముంచి పోస్తూ కూర్చుంది. బెంగ కొద్దీ మేత కాస్త ఎక్కువ వేసిందేమో కూడా. రెండో రోజుకి నీళ్ళు బియ్యం కడుగులా అయిపోయాయి. చేప అద్దం దాకా వస్తేనే కనపడేది.

రొయ్యలావిడని కొత్త నీళ్ళు తెప్పించమని అడిగింది అమ్మ.

"వరద నీళ్ళు కలిసి సముద్రం కూడా ఎర్రగా ఉందండి. పడవలు దిగట్లేదు. నాలుగు రోజులు ఓపిక పట్టండమ్మగారూ."

"వాడూ అదే చెప్పాడు, ఊరికే ఉంచమని" అంది అమ్మ నాతో. "కానీ నాకు భయంగా ఉందిరా. ఇది కూడా పోతే..." అని ఆగి, మళ్ళీ చెంబు అందుకుంది.

మూడో రోజు పొద్దున ఆమె పీట మీదే గోడకి ఆనుకుని కునుకు తీస్తోంది. చేతిలో చెంబు అలాగే ఉంది. ముంజేయి వాచింది. నేను బయల్దేరబోతూ అది చూశాను.

గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకి మసక నీళ్ళంటే ఒకటే వైద్యం. ఏటా వరదకి కుళాయిలో ఎర్ర నీళ్ళు వస్తాయి. పటిక గడ్డకి దారం కట్టి బిందెలో ఏడుసార్లు తిప్పితే, వంట మొదలయ్యేసరికి మడ్డి అడుగుకి దిగి పైన తేట నిలుస్తుంది. చిన్నప్పుడు ఆ తిప్పడం నా పనే. నీళ్ళు కాచి, పటిక వేసి తాగాలని ఆ ముందు రోజే నా చేత్తో పేపరుకి రాశాను. వంటింటి గూట్లోంచి పటిక తెచ్చి తొట్టిలో తిప్పాను. ఏడుసార్లు చాలవనిపించి ఇంకా తిప్పాను. అమ్మ లేచేసరికి తేటగా కనపడాలని నా ఆశ. గడ్డని గూట్లో పెట్టేసి ఆనకట్టకి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి కరెంటు వచ్చింది. మోటారు బుడగలు వదులుతోంది. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే తొట్టి ఖాళీగా ఉందేమో అనిపించింది. తమ్ముడున్న రోజుల్లో కూడా అంత తేటగా లేవు. అడుగున సున్నం లాంటి తెల్లని మడ్డి, దాని మీద పక్కకి ఒరిగి చేప. పువ్వు ముడుచుకుపోయి రాతి మీద చిన్న గడ్డలా ఉంది.

అమ్మ పీట మీదే కూర్చుని ఉంది. నేను దగ్గరకి వెళ్ళాక వేలు నీళ్ళలో ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"వగరుగా ఉందిరా" అంది.

ఆమె ఇంకేమీ అడగలేదు. గూటి వైపు చూడను కూడా లేదు. లేచి కొంగుతో చెయ్యి తుడుచుకుని, "అన్నం తిందువుగాని రా, మళ్ళీ వెళ్ళాలిగా" అంది. ఆ రోజు పెరుగన్నం దాకా కూర్చుని వడ్డించింది.

మర్నాడు అరిటాకులో చేపని చుట్టి, రాయిని పాత గుడ్డలో కట్టి, గుమ్మంలో నిలబడింది. రొయ్యలావిడ గంప దించగానే రెండూ ఆవిడ చేతిలో పెట్టింది.

"మీవాళ్ళు వేటకెళ్ళినప్పుడు లోపల వదిలెయ్యమను. ఒడ్డున కాదు."

ఆవిడ గొంతు అంత మెత్తగా నేను వినడం అదే మొదలు. "అలాగేనండి. ఏమైందండి అమ్మగారూ?"

"నీళ్ళు పాడయ్యాయి" అంది అమ్మ. నేను వెనకే ఉన్నాను. ఆమె నా వైపు తిరగలేదు.

నేనే చేశానని చెప్పడానికి నాకు చాలా రోజులే దొరికాయి. ఊళ్ళో ఎవరి తప్పు ఏమిటో రాయడమే వృత్తిగా బతికినవాడిని, ఆ ఒక్క వాక్యం చెప్పలేకపోయాను. ఆమెకి తెలుసని నాకు తెలుసు. అందువల్ల చెప్పడం తేలిక కావలసింది. కాలేదు.

మరుసటి ఏడు వరదకి కుళాయిలో మళ్ళీ ఎర్ర నీళ్ళు వచ్చాయి. వంటింటి గూట్లో పటిక లేదు. బజారు నుంచి తేనా అని అడిగాను.

"వద్దులే" అంది అమ్మ. మూడు బిందెలు వరసగా పెట్టి, కదపకుండా మూతలు వేసింది. "కాస్త ఆగితే అదే తేరుకుంటుంది."

ఆమె ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో నీళ్ళు అలాగే తేరాయి. దాహం వేసినా అందరం ఆగేవాళ్ళం.