మూసిన కిటికీల ఇంట్లో గీజరు

గ్యాస్ గీజర్లు బాగుచేసే పనిలోనే నా జుట్టు సగం నెరిసింది. మలేసియాలో తెలుగు కుటుంబంలో పుట్టి, పనికోసం సింగపూర్ వచ్చి, ఇక్కడే లైసెన్సు తెచ్చుకున్నాను. నాకు కోపం ముక్కుమీద ఉంటుంది. గీజరు ఎందుకు ఆగిందో కనుక్కోకుండా మళ్ళీ మళ్ళీ వెలిగించేవాళ్ళని చూస్తే మరీనూ.

పాసిర్ రిస్‌లో ఆ తెలుగువాళ్ళింటికి వెళ్ళినప్పుడు తలుపు తీసిన కుర్రాడు సరిగ్గా అదే పని చేస్తున్నాడు. రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం, కొత్తగా తండ్రయ్యాడు. పాపకి నీళ్ళుపోసే వేళకి గీజరు వెలిగిన కాసేపటికే ఆరిపోతోందట. బ్యాటరీలు మార్చాడట. ఆరినప్పుడల్లా పరుగున వెళ్ళి వెలిగిస్తున్నాడట.

లోపల ఒకటే ఉక్క. బాలింతకీ బిడ్డకీ గాలి సోకకూడదని, కాకినాడ నుంచి పురిటికి వచ్చిన అతని అత్తగారు ఇల్లంతా బిగించేశారు. వంటగది వెనక గీజరున్న చోట కిటికీకి దుప్పటి కట్టి, సందుల్లో పాత చీరలు కుక్కారు. ఆవిడ కణతలు నొక్కుకుంటూ కూర్చున్నారు. ఇక్కడి నీళ్ళు పడక తలనొప్పి అన్నారు. కూతురికీ కళ్ళు తిరుగుతున్నాయట, బాలింత నీరసం అనుకున్నారు.

అది నీళ్ళ తలనొప్పి కాదని నాకు అర్థమైంది. గ్యాస్ కట్టేసి, దుప్పటి లాగేసి, కిటికీలన్నీ బార్లా తెరిచాను. అందర్నీ బయట కారిడార్‌లోకి రమ్మన్నాను. ఆవిడ నామీద విరుచుకుపడ్డారు. పసిగుడ్డుకి జలుబు చేస్తే పూచీ ఎవరిదని నిలదీశారు. నేనూ తగ్గలేదు. గాలి చాలకపోతే మంట పసుపురంగుకి తిరుగుతుందని, అప్పుడు వాసనైనా లేని విషవాయువు వస్తుందని, ప్రమాదం పసిగట్టబట్టే గీజరు తనంతట తాను ఆగిపోతోందని చెప్పాను. ఆవిడ మొహం తిప్పుకున్నారు.

"అదీ నిప్పే, ఆంటీ. దానికీ గాలి కావాలి," అన్నాను చివరికి.

ఆవిడ గిరుక్కున తిరిగారు. "నిప్పా? ఆ తెల్ల పెట్టెలోనా?"

అవునన్నాను. ఆవిడ పాపని గుండెలకి హత్తుకున్నారు.

"మూసిన గదిలో కుంపటి పెట్టానా నేను?"

ఆ మాట ఆవిడ తనని తనే అడుగుకున్నారు. నా కోపం ఎటుపోయిందో తెలియదు. ఇప్పుడే అందరూ ఆసుపత్రికి వెళ్ళండని కుర్రాడిని తొందరపెట్టి, టాక్సీ వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. సాయంత్రం అతను ఫోన్ చేసి, ఎవరికీ ప్రమాదం లేదన్నాడు. అప్పటికిగానీ నాకు అన్నం సయించలేదు.

మర్నాడు వెళ్ళి బర్నరుకి పట్టిన మసి శుభ్రం చేశాను. పొగగొట్టం చూసి, కిటికీ తెరిచి వెలిగించాను. మంట నీలంగా, నిలకడగా వచ్చింది. ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుని, తలకి మఫ్లర్ చుట్టుకుని నా పక్కనే నిలబడి ఆ మంటని పరీక్షగా చూశారు. తలనొప్పి మాయమైందని చెప్పి, మినపసున్ని ఉండ నా చేతిలో పెట్టారు. ఇంతలో వాన దంచింది. జల్లు వంటగదిలోకి కొడుతుంటే కుర్రాడు కిటికీ మూయబోయాడు.

అత్తగారు అడ్డంగా నిలబడ్డారు. "తడిస్తే నేను తుడుస్తాను బాబూ. ఊపిరాగితే మీరు బాగుచేస్తారా?"