గొంగడి పట్టినవాడు

పరమేశ్వర్ నారాయణపేటలో మా జూనియర్ కాలేజీ ల్యాబ్ అటెండర్. అంతకుముందు మగ్గం నేసేవాడు. ఇరవై రెండేళ్ల కింద ఉద్యోగం దొరికాక మగ్గాన్ని భార్య వెంకటనర్సమ్మకు వదిలేశాడు. నారాయణపేట జిల్లా అయిన ఏడాదే అతని రిటైర్మెంటు. ఇంకో వారముందనగా మా డిశ్చార్జి గొట్టం వెలగడం మానేసింది.

దాని సంగతి చెప్పాలి. లోపలి గాలి దాదాపు అంతా తీసేసిన గాజు గొట్టమది. సన్నని రాగితీగ చుట్టిన కాయిలు నుంచి వేల వోల్టులు ఇస్తే, ఒక కొస నుంచి కంటికి కనబడని కిరణాలు బయలుదేరి ఎదుటి గాజును ఆకుపచ్చగా వెలిగిస్తాయి. దారిలో ఉన్న రేకు సిలువ నీడ దాని మీద పడుతుంది. అయస్కాంతం దగ్గరికి తెస్తే ఆ నీడ పక్కకు జరుగుతుంది. వెలుతురైతే జరగదు. ఇవి విద్యుదావేశమున్న, పరమాణువు కన్నా చిన్న కణాలు కాబట్టి జరుగుతుంది. ఎలక్ట్రాన్ మనిషికి చిక్కింది ఇలాంటి గొట్టంలోనే. ఏటా పిల్లలకు ఈ ఫిజిక్స్ పాఠం గొప్పగా చెప్పేవాణ్ణి.

కాయిల్లో తీగ తెగింది. "పిల్లలకు ఫోన్లో వీడియో చూపిస్తలే అన్నా" అన్నాను. పరమేశ్వర్ వినలేదు. వెంట్రుకంత సన్నని రాగితీగను చుట్టు చుట్టుగా విప్పి, తెగినచోటు పట్టుకుని, మగ్గం మీద పోగు అతికినట్టే ముడేశాడు. కరెంటు పారలేదు. మళ్లీ వేశాడు, పారలేదు. నాకు కోపమొచ్చింది.

"తీగకు పూత ఉంటదన్నా. అది గీకకుండ ముడేస్తే ఏం లాభం? అయినా పోయే ముందు నీకెందుకీ తిప్పలు?"

"ఒక్కసారి చూసి పోదామని సార్. నేనెన్నడు చూడలే."

"ఏటా అన్నీ నువ్వే కదా పెట్టేది!"

"పెట్టుడు పెడ్త. గొంగడి పట్టేటోడు బయటుంటడు గద సార్."

తల కొట్టేసినట్టయింది. మా ల్యాబ్ కిటికీకి తలుపుల్లేవు. రాతి చౌకట్టుకు మేకు దిగదు. గదిలో చీకటి కావాలంటే ఒకరు బయట నిలబడి, గొంగడి అంచులు గోడకు అదిమి పట్టాలి. ఆ ఒకరు ఎప్పుడూ ఇతనే. తొమ్మిదేళ్లుగా చూస్తున్నాను, ఒక్కనాడూ నాకు తట్టలేదు.

మర్నాడు బ్లేడుతో పూత గీకి ముడేస్తే కరెంటు పారింది. సాయంత్రం దాకా తీగ తిరిగి చుట్టాడు. ఆ మర్నాడు కెమిస్ట్రీ చెప్పే రోజారమణి మేడాన్ని స్విచ్చు దగ్గర కూర్చోబెట్టి, అయస్కాంతం పరమేశ్వర్ చేతిలో పెట్టి, గొంగడి తీసుకుని నేను బయటికి నడిచాను.

"మీరెందుకు సార్!" అని వెంటబడ్డాడు.

"లోపలికి పో అన్నా" అని కసిరాను. నిజానికి కసురుకున్నది నన్ను నేనే.

వీపు మీద ఎండ. ఐదు నిమిషాలకే భుజాలు లాగాయి. లోపల కాయిలు చిటపటమంది.

"కనబడ్తాందా అన్నా?"

గొంగడికి అవతల నుంచి వినిపించింది.

"నీడ జరుగుతాంది సార్. నేను జరిపితే జరుగుతాంది." అంతలోనే, "చేతులు నొస్తున్నయా సార్? జర దించుండ్రి" అన్నాడు.

"లేదన్నా, నువ్వు చూడు" అన్నాను. నొస్తూనే ఉన్నాయి. దించలేదు.